గాలిలో మాట ఎవరిది?

ట్రంకు అన్న మాట తెలుగువారికి మూడు విధాలుగా పరిచయం. కొత్త కాపురానికి వెళ్ళే అమ్మాయి చీరలు సర్దుకునే రేకుపెట్టె ట్రంకుపెట్టె. నెల్లూరు, ఒంగోలు వంటి ఊళ్ళను చీల్చుకుంటూ మద్రాసు నుంచి కలకత్తా దాకా సాగిన బాట ట్రంకురోడ్డు. టెలిఫోను ఆఫీసులో పేరు నమోదు చేయించుకొని, గంటల తరబడి బల్ల మీద కూర్చొని, చివరకు మూడు నిమిషాలు గొంతు చించుకొని మాట్లాడేది ట్రంకుకాల్. ఈ వ్యాసంలో చెప్పబోయే ట్రంకు నాలుగవది. ఇది కంటికి కనిపించదు. పుట్టింది మాత్రం ఆ మూడవదాని కడుపునే.

ఒక ఊళ్ళో వందల ఫోన్లున్నా, ఊరు దాటి పోయే తీగలు ఏ కొన్నో ఉండేవి. అందరూ ఒకేసారి మాట్లాడరు కనుక అవే సరిపోయేవి. ఏ తీగ ఖాళీగా ఉంటే దానిని ఆపరేటరు ఆ క్షణాన అడిగినవారికి తగిలించేది. ఎంతమందికి ఎన్ని తీగలు చాలునో లెక్క కట్టినవాడు ఎర్లాంగ్ అనే డేనిష్ గణితవేత్త. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ 1909లోనూ, 1917లోనూ ఆయన ప్రకటించిన సూత్రాలే నేటికీ ఈ రంగానికి పునాది. అరవై ఏళ్ళ తరువాత అమెరికాలో ఇదే లెక్కను తీగల నుంచి గాలిలోకి ఎత్తారు. 1974లో అక్కడి ప్రభుత్వం 800 మెగాహెర్ట్జ్ ప్రాంతాన్ని సంచార రేడియోలకు విడిచిపెట్టింది. ఆ దశాబ్దం చివరికి ట్రంకింగ్ రేడియో వాడుకలోకి వచ్చింది. దీనిని తెలుగులో ‘ఉమ్మడి బాట’ అంటే ఎలా ఉంటుందో అనుకున్నాను కానీ, ట్రంకు ఇప్పటికే మన ఇంటి మాట అయినప్పుడు కొత్త మాట కోసం వెదకడం అనవసరం అనిపించింది.

మదనపల్లె బస్టాండును ఊహించుకోండి. పుంగనూరు బస్సు ఎప్పుడూ ఒకే ప్లాట్‌ఫారం మీద నిలుస్తుంది, కుప్పం బస్సు ఎప్పుడూ ఇంకొకదాని మీద. వచ్చినవాడు తన ప్లాట్‌ఫారం దగ్గర నిలబడితే చాలు, బస్సు దొరుకుతుంది. పాత వైర్‌లెస్ సెట్ల పద్ధతి ఇది: అగ్నిమాపక దళానికి ఒక పౌనఃపున్యం, కాపలావారికి ఒకటి, కరెంటు పనివారికి ఒకటి. చిక్కు ఏమిటంటే, కుప్పం బస్సు లేనంతసేపూ ఆ ప్లాట్‌ఫారం వృథాగా పడి ఉంటుంది. ట్రంకింగ్ పద్ధతిలో ఏ బస్సుకూ సొంత ప్లాట్‌ఫారం లేదు. ఏది ఖాళీగా ఉంటే అక్కడికే. కాని ప్రతి బస్సు రాకకూ మైకులో ఒక ప్రకటన వస్తుంది: కుప్పం బస్సు ఇప్పుడు మూడవ ప్లాట్‌ఫారం. మరుక్షణం కుప్పం ప్రయాణికులందరూ అక్కడికి కదులుతారు. ఆ మైకునే నియంత్రణ మార్గం అంటారు. అది ఒక పౌనఃపున్యం మీద అంకెల రూపంలో ఎడతెగకుండా నడుస్తూ ఉంటుంది. మోటరోలా కంపెనీ పాత వ్యవస్థలలో దాని వేగం సెకనుకు 3600 బిట్లు. ఉద్యోగి చేతిలోని సెట్టు మీట నొక్కగానే అది అనుమతి కోరుతుంది, కేంద్రంలోని కంప్యూటరు ఒక ఖాళీ మార్గాన్ని చూపిస్తుంది, ఆ బృందానికి చెందిన సెట్లన్నీ తమంతట తామే అక్కడికి మారిపోతాయి. ఇదంతా సెకనులో కొద్ది భాగం. మాట్లాడేవారికి ఆ మార్పు తెలియను కూడా తెలియదు.

బయట నుంచి వినేవాడికి మాత్రం తెలుస్తుంది. అతని చేతిలో ఉండేది స్కానర్. (ఆసుపత్రిలోది కాదు.) వరుసగా పౌనఃపున్యాలను తడుముకుంటూ, ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగే రేడియో అది. అమెరికాలో పోలీసు, అగ్నిమాపక దళాల సంభాషణలను ఇంట్లో కూర్చొని వినడం కొన్ని తరాల అలవాటు. ట్రంకింగ్ వచ్చాక వారి స్కానర్లకు మతి చెడింది. మైకు వినకుండా ప్లాట్‌ఫారాల మధ్య పరుగులు తీసేవాడికి పుంగనూరు కండక్టరు అరుపు సగం, కుప్పం కండక్టరు అరుపు సగం వినిపిస్తాయి. 1997లో యూనిడెన్ కంపెనీ తెచ్చిన బేర్‌క్యాట్ ట్రంక్‌ట్రాకర్ ఈ చిక్కును విప్పింది. అది మైకునే వింటుంది, ఫలానా బృందపు అంకె ఎక్కడికి పోతే అక్కడికే పోతుంది. ఇక మిగిలిన పని వినేవాడి ఓపిక. ఏ అంకె ఎవరిదో ఎవరూ చెప్పరు. వారాల తరబడి విని, ఇది నిప్పు ఆర్పేవారిది, ఇది గేటు కాపలాది, ఇది రేడియోధార్మికత కొలిచేవారిది అని నోటుపుస్తకంలో రాసుకోవాలి. విశాలమైన ఆవరణ, వేర్వేరు విభాగాలు, అపాయకరమైన పదార్థాలు ఉన్న పరిశోధనా సంస్థలకు ట్రంకింగ్ చక్కగా కుదిరింది. ఫ్లారిడాలోని కెనడీ అంతరిక్ష కేంద్రంలోనూ, ఆ తరువాత జెనీవా దగ్గర సెర్న్‌లోనూ ఇటువంటి వ్యవస్థలే. సెర్న్‌లో 27 కిలోమీటర్ల సొరంగం పొడవునా రేడియో అందేందుకు తరంగాలను కారనిచ్చే కేబులు పరచవలసి వచ్చింది.

అమెరికా చట్టం ఈ శ్రోతలను ఎలా చూసిందన్నది గమనించదగినది. 1986 నాటి చట్టం మొబైల్ ఫోన్ మాటలను దొంగచెవితో వినడాన్ని నేరం చేసింది. కానీ ప్రభుత్వ, పోలీసు, ప్రజారక్షణ సెట్ల మాటలు తాళం వేయకుండా అందరికీ అందేలా ఉంటే, వాటిని వినడాన్ని అదే చట్టం అనుమతించింది. నీ మాట రహస్యమైతే తాళం వేసుకో, వేయకపోతే వినేవాడిని అనకు, అని దాని సారాంశం. నాసాలో ఒక ముచ్చట ఉండేది. గోడార్డ్ కేంద్రంలోని హామ్ రేడియో సంఘంవారు షటిల్ యాత్రల్లో వ్యోమగాములకూ భూమికీ మధ్య నడిచే సంభాషణను లఘుతరంగాల మీద ప్రపంచానికి వినిపించేవారు.

మన దేశంలో కథ ఇంకొక దారిన నడిచింది. దానికి వచ్చేముందు మన సీమను ఒకసారి పటం మీద చూడండి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. పాత చిత్తూరు జిల్లా పడమటి కొసన, మూడు రాష్ట్రాలు కలిసే మెట్టనేల. ఈ మూడు ఊళ్ళలో ట్రంకింగ్ రేడియో పెట్టుకోదగిన పరిశోధనా సంస్థ లేదు. కానీ వీటి చుట్టూ నాలుగు దిక్కులా ఉన్నవేమిటి? తూర్పున, పులికాట్ సరస్సుకు ఆవల, శ్రీహరికోట. 1971 అక్టోబర్ 9న తొలి రోహిణి రాకెట్ ఎగిరిన చోటు. దానికి ఇవతల, తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, గాదంకి. అక్కడ 1024 యాగీ యాంటెన్నాలను పొలంలో చెరకు నాటినట్టు నాటి, 53 మెగాహెర్ట్జ్ మీద ఆకాశంలోకి కేక వేసి, గాలిపొరల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వనిని వింటారు. కుప్పానికి ఆగ్నేయాన, జవ్వాది కొండల్లో, కావలూరు వేధశాల. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు దాని వలయాల జాడ పట్టిన ప్రపంచపు కొద్ది చోట్లలో అదొకటి. మదనపల్లెకు పడమట గౌరీబిదనూరు. అక్కడ 1976 నుంచి వెయ్యి డైపోల్ తీగలు టీ అక్షరం ఆకారంలో పరచుకొని 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర సూర్యుడినీ, పాలపుంతనూ వింటూ వచ్చాయి. నాలుగింటిలో రెండు, గాదంకి, గౌరీబిదనూరు, అచ్చంగా చెవులే. వినడం గురించి బతుకంతా మాట్లాడిన జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది కూడా మదనపల్లెలోనే. దానికీ దీనికీ సంబంధం లేదు, నాకు చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.

ఇంతటి శ్రవణసీమలో సామాన్యుడు ఏమి వినవచ్చునన్నది ప్రశ్న. జవాబు చాలాకాలం పోస్టాఫీసులో ఉండేది. 1927లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ మొదలైనప్పుడే రేడియో పెట్టుకోవడానికి ఏడాదికి పది రూపాయల లైసెన్సు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఉన్నా, లైసెన్సు లేకుండా రేడియో పెట్టుకున్నవాడిని పట్టుకోవడానికి అది చాలలేదు. అందుకని 1933లో ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం తెచ్చారు. అది 1934 జనవరి 1 నుంచి అమలైంది. వైర్‌లెస్ పరికరం అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే అందులో నేరం, ఏమి విన్నావన్నదానితో నిమిత్తం లేదు. తొలిసారి దొరికితే నూరు రూపాయల దాకా జుర్మానా, మళ్ళీ దొరికితే రెండువందల యాభై. గూఢచారుల భయం కన్నా ఫీజు ఎగవేసేవారి మీది కోపమే ఆ చట్టానికి తల్లి అని నా అభిప్రాయం. 1938లో ఆకాశవాణి మద్రాసు కేంద్రం తెలుగు వినిపించడం మొదలుపెట్టినప్పుడు చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. అప్పటి నుంచి, సిలోన్ తెలుగు పాటల రోజులు దాటి, 1980ల మధ్య దాకా, రేడియో ఉన్న ఇంట పోస్టాఫీసు ముద్రలు వేసిన ఒక చిన్న పుస్తకం ఉండాలి. లైసెన్సు రేడియోలకు తీసివేశారు కానీ చట్టం అలాగే నిలిచింది. మన హామ్ నిబంధనల్లో, 1978 నాటివాటిలో, మాట్లాడకుండా వినడానికే ప్రత్యేకంగా ‘షార్ట్‌వేవ్ లిజనర్’ అని ఒక లైసెన్సు ఉండేది. చెవికి పరవానా! ఇంతకన్నా వివరంగా మన పాలనా స్వభావాన్ని వేరే చెప్పనక్కరలేదు.

ఆ పాత చట్టాల స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్స్ చట్టం చేశారు. 2024 జూన్ 26న అమలులోకి వచ్చిన సెక్షన్లలో 42వది ఒకటి. అనుమతి లేకుండా సందేశాన్ని మధ్యలో పట్టినవారికి మూడేళ్ళ దాకా జైలు, లేదా రెండు కోట్ల రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. నూరు రూపాయల నుంచి రెండు కోట్లకు! మన ప్రాంతపు బడిపిల్లవాడెవడైనా సరదాకు స్కానర్ తిప్పుదామనుకుంటే ముందుగా ఈ అంకె తెలియాలి. శ్రీహరికోట కాపలావారు ఏమి మాట్లాడుకుంటున్నారో వినబోవద్దని నేను కూడా చెబుతాను. చట్ట భయంతో మాత్రమే కాదు. వారి మాట వారి కోసం అన్నది. అందులో మనకు పనికివచ్చే జ్ఞానం కూడా బహు స్వల్పం.

గాలిలోకి వదిలే ప్రతిదీ మాట కాదు. సంకేతం వేరు, సంభాషణ వేరు. సంభాషణలో దూరినవాడిని దొంగచెవి అంటాం. సంకేతాన్ని విని లెక్క కట్టినవాడిని ఏమనాలి? 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్ ఎగిరినప్పుడు సోవియట్‌వారు దాని పౌనఃపున్యాలను, 20.005, 40.002 మెగాహెర్ట్జ్‌లను, ముందుగానే తమ రేడియో పత్రికలో అచ్చు వేశారు. కావాలనే వినమన్నారు. మూడు వారాల పాటు లోకమంతా విన్నది. అదే దేశం ఆ తరువాత తన రాకెట్ కేంద్రాలను దాచింది. ఇంగ్లండులో కెట్టరింగ్ అనే ఊరి గ్రామర్ స్కూలులో జెఫ్రీ పెర్రీ అనే భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు పిల్లలను కూర్చోబెట్టి, ఒక పాత రిసీవరుతో సోవియట్ ఉపగ్రహాల కూతలను వినేవాడు. అది ఎన్నింటికి నెత్తి మీదకు వచ్చింది, ఎన్ని నిమిషాలకు పోయింది, ఇంతే. 1966 మార్చిలో ఎగిరిన కాస్మోస్ 112 కక్ష్య అంతకు ముందువాటికి భిన్నంగా ఉంది. తరువాతి ప్రయోగాలను కూడా కలిపి వెనక్కు లెక్క కట్టితే అవి బయలుదేరిన చోటు రష్యా ఉత్తరాన తేలింది. ఎవరూ చెప్పని ప్లెసెట్స్క్ కేంద్రాన్ని ఆ ఏటి చివరికి బడిపిల్లలు ప్రపంచానికి చెప్పారు. దాని ఉనికిని సోవియట్ ప్రభుత్వం ఒప్పుకున్నది 1983లో. వారు ఒక్క మాటను కూడా చాటుగా వినలేదు. వినడానికి మాటే లేదు.

మన దగ్గర ఇటువంటి శ్రోతలను నమ్మిన ఘట్టాలు లేకపోలేదు. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీప్రసాద్ గారి బృందం 2004 డిసెంబర్‌లో అండమాన్ వెళ్ళింది. అక్కడ హామ్ రేడియోకు ఎన్నో ఏళ్ళ తరువాత దొరికిన అనుమతి అది. ఆ నెల 26న సునామీ వచ్చి ఫోన్లు మూగపోతే, సరదాకు పెట్టిన ఆ సెట్టే పోర్ట్‌బ్లెయిర్ నుంచి క్షేమసమాచారాలు మోసింది. తరువాతి ఏడు, 2005 మే 5న, శ్రీహరికోట రెండవ ప్రయోగవేదిక నుంచి రాష్ట్రపతి కలాం చూస్తుండగా పి.ఎస్.ఎల్.వి.–సి6 ఎగిరింది. కార్టోశాట్-1తో పాటు అది మోసుకెళ్ళినది 42.5 కిలోల హామ్‌శాట్. భూమి నుంచి 435 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పంపిన మాటను 145 ప్రాంతంలో తిరిగి వినిపించే చిన్న పెట్టె. అందులో రెండు ట్రాన్స్‌పాండర్లు, ఒకటి మనవారు చేసినది, ఒకటి నెదర్లాండ్స్ విద్యార్థి చేసినది. దాని పౌనఃపున్యాలను ఇస్రోయే ప్రకటించింది. కంచె వేసి, ద్వీపం చుట్టూ కాపలా పెట్టిన సంస్థే ‘ఇది వినండి, కావలసినవారు’ అని ఒక గొంతును ఆకాశంలో పెట్టింది. 2014 జూలైలో బ్యాటరీలు చెడి మూగపోయేదాకా, తొమ్మిదేళ్ళు, ప్రపంచపు హామ్‌లు దాని మీదుగా ఊసులాడుకున్నారు. అప్పటి పత్రికల్లో కార్టోశాట్ బొమ్మ పక్కన దీనికి దొరికిన చోటు చాలా తక్కువ. నాకు మాత్రం ఆ ప్రయోగంలో ఇదే పెద్దదిగా తోస్తుంది.

తాళాల సంగతికి వద్దాం. ట్రంకింగ్ వ్యవస్థలు అంకెల్లోకి మారాక తాళం వేయడం తేలికైంది. ఐరోపాలో పుట్టిన టెట్రా పద్ధతిని పోలీసులు, మెట్రో రైళ్ళు, విద్యుత్ కేంద్రాలు, పరిశోధనా సంస్థలు వాడుకున్నాయి. 2010 కామన్వెల్త్ క్రీడలకు ఢిల్లీలో వేసిన జాలం కూడా అదే. టెట్రా తాళాల లోపలి అమరికను పాతికేళ్ళ పైగా ఎవరికీ చూపించలేదు. రహస్యంగా ఉంచడమే భద్రత అన్నారు. అదే కాలంలో ఇంకొకటి జరిగింది. ఇంటి టీవీకి తగిలించే ఒక చౌక పరికరంలోని చిప్పు ముడి తరంగాలను నేరుగా కంప్యూటరుకు అందించగలదని 2012లో కొందరు ఔత్సాహికులు గ్రహించారు. వేల రూపాయల స్కానర్ చేసే పనిని వందల రూపాయల పుల్ల చేయసాగింది. ఇటువంటి కుతూహలం కలిగినవారే, మిడ్‌నైట్ బ్లూ అనే డచ్ సంస్థవారు, 2023లో టెట్రా తాళాల గుట్టు విప్పి చూపారు. టి.ఇ.ఎ.1 అనే తాళంలో తాళంచెవి పొడవు పేరుకు 80 బిట్లు, పనిచేసేది 32 బిట్లే. మామూలు కంప్యూటరు కొద్ది సేపట్లో విప్పగలిగేంత బలహీనం. బయటివారు చూడకుండా ఉన్నన్నాళ్ళూ, ఆ వ్యవస్థలను కొనుక్కున్నవారిలో ఎందరికి ఈ సంగతి తెలిసి ఉంటుంది? ఆ ఏడాది నవంబర్‌లో ఐరోపా ప్రమాణాల సంస్థ తన తాళాల అమరికను బయటపెట్టడానికి ఒప్పుకున్నది. వినేవారిని తరిమివేస్తే రహస్యం మిగులుతుందనుకున్న చోట లోపం మిగిలింది. రెండు కోట్ల సెక్షన్ రాసినవారు లోపాన్ని వెదికేవాడినీ దొంగచెవినీ వేరు చేసి చూస్తారా? ఆ తేడా మీదే మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఈ విద్య నేర్చుకుంటారా, మానుకుంటారా అన్నది ఆధారపడి ఉంది.

2018 జనవరిలో అమెరికా ‘జూమా’ అనే రహస్య ఉపగ్రహాన్ని ఎగరవేసింది. అది ఏమైందో ఎవరూ చెప్పలేదు. కెనడాలో స్కాట్ టిల్లీ అనే ఔత్సాహికుడు దాని కూత కోసం ఆకాశాన్ని వెదుకుతున్నాడు. ఆ నెల 20న అతనికి వేరే కూత తగిలింది. లెక్క కట్టి చూస్తే అది నాసా 2000లో పంపిన ఇమేజ్ అనే పరిశోధనా ఉపగ్రహం. భూమి చుట్టూ ఉన్న అయస్కాంత ఆవరణాన్ని పరిశీలిస్తూ 2005 డిసెంబర్‌లో మూగపోయింది, నాసా ఆశ వదులుకున్నది. అతడు వారికి జాబు రాశాడు. నాసావారు తమ పెద్ద యాంటెన్నాలను అటు తిప్పి, 30వ తేదీన, అవును, అది మాదే అని చెప్పారు.